బిడ్డను దాచుమను నీతికి ఖండనము

నల్లమల పాదమున, నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున వెలసిన మహానంది క్షేత్రమునకు ఏటేట వచ్చు జనులలో తీర్థస్నానము కొఱకు వచ్చువారు కొందఱు, మొక్కు చెల్లించుకొనువారు కొందఱు, శివరాత్రి తిరునాళ్ళు చూచి పోవువారు కొందఱు. వీరందఱి నడుమ, మాట రాని కొడుకును చంకనెత్తుకొని, పిలిచినను తిరిగి చూడని కూతురి చేయి విడువక, జనసమ్మర్దమున కొక యోరగా ఒదిగి నడచు తల్లిదండ్రులును కొందఱుందురు. డోలు మ్రోగినపుడు ఆ బిడ్డ చెవులు మూసికొని కేకపెట్టును. అడుగు కనబడునంత తేటయైన కోనేటి నీటిని చూచుచు ఎంతసేపైనను కదలక కూర్చుండును. ఇది చూచిన లోకము రెండు మాటలనును. ఎదుట, "స్వామి చల్లగా చూస్తాడులేమ్మా" అనును. వెనుక, "ఏ జన్మలో చేసిన పాపమో" అనును. మూడవ మాట యొకటి దగ్గఱి బంధువులు చెవిలో చెప్పుదురు: "ఈ సంగతి నలుగురిలో అనొద్దు." ఈ వ్యాసము ఆ మూడవ మాటను ఖండించుటకు వ్రాయబడినది.

ఆటిజమనునది పిచ్చి కాదు, గ్రహము పట్టుట కాదు, ఒకరినుండి యొకరికి అంటు రోగము కాదు. మెదడు ఎదుగు తీరులోనే తొలినుండియు నున్న భేదము. ఎదుటివారితో చూపు కలుపుట, వ్రేలు చాచి చూపుట, మాటకు మాట చెప్పుట, ఆటలో మఱియొకరిని కలుపుకొనుట మొదలైనవి తక్కిన పిల్లలకు ఎవరును నేర్పకయే వచ్చును. ఈ బిడ్డలకవి కష్టసాధ్యములు. మనము గమనింపనైన గమనింపని శబ్దము, వెలుతురు, బట్ట ఒరపిడి వీరికి ఒక్కొకప్పుడు దుర్భరములు. ఒకే దారిని, ఒకే క్రమమును పట్టి విడువకుండుట వీరికి ఊరట. వీరిలో కొందఱు జీవితాంతము మాటలాడరు. కొందఱు చక్కగా మాటలాడి, చదివి, ఉద్యోగములు చేయుదురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సంవత్సరమునకు వేసిన అంచనా ప్రకారము లోకమున సుమారు 127 మందిలో ఒకరికి ఈ స్థితి కలదు. ఇంత సామాన్యమైన దానిని కనివిని యెఱుగని శాపమని చెప్పుకొనుట, దాచుటవలన కలిగిన భ్రమయే: ప్రతి యిల్లును దాచుటచేత ప్రతి యిల్లును ఈ కష్టము తనకొక్కదానికే కలిగినదని తలచుచున్నది.

దాచుమనువారి పక్షమును మొదట న్యాయముగా చెప్పుదము. కర్మఫలము అనుభవింపక తీరదు, దానిని వీథిలో చాటినందువలన నేమి ప్రయోజనమని యొక వాదము. తల్లి పెంపకము చాలకయే బిడ్డ ఇట్లయినాడు, చెప్పుకొన్నచో ఆమెకే తలవంపులని రెండవది. మగబిడ్డకు మాట ఆలస్యమగును, వాని తండ్రికిని అయిదేండ్లకు గాని రాలేదు, ఓపిక పట్టినచో సర్దుకొనుననునది మూడవది. ఇంటిలో పెండ్లి కావలసిన ఆడపిల్ల యున్నది, సంగతి పొక్కినచో సంబంధములు తప్పిపోవుననునది నాలుగవది. బిడ్డకును మానమున్నది గదా, వాని లోపములను పదుగురిలో చెప్పుట తగునా యనునది అయిదవది. వీనిలో తొలి నాలుగును విచారణకు నిలువవు. అయిదవది మాత్రము గౌరవింపదగినది. క్రమముగా పరిశీలింతము.

కర్మ సిద్ధాంతమును నేను తృణీకరింపను. కాని దానిని చెప్పిన పెద్దలే మానవప్రయత్నమునకు విరుద్ధముగా చెప్పలేదు. చరకసంహిత విమానస్థానమున ఆయుర్దాయమును గూర్చి విచారించుచో, దైవ పురుషకారములు రెండును కూడియే ఫలమునిచ్చుననియు, దుర్బలమైన దైవమును ప్రబలమైన పురుషకారము జయించుననియు నిర్ణయము చేయబడినది. ఆయువు సర్వమును ముందే నియతమైనచో ఔషధములెందులకని అడిగినదియు ఆ శాస్త్రమే. అట్లుండ, పరుల పూర్వజన్మమును చదువగల విద్య మన అరుగులమీది పెద్దలకు ఎవరు నేర్పిరి? తన కర్మను తాను తలచుకొనుట వినయము. పరుని బిడ్డను చూచి పరుని కర్మను చెప్పుట క్రౌర్యము. వరుసగా వానలు తప్పినపుడు ఇది మా కర్మమని చేతులు ముడుచుకొని కూర్చున్న రైతు ఈ సీమలో కానరాడు. అతడు బావి లోతు చేయించును, బోరు వేయించును, ప్రక్క చేనివానికి ఎన్ని అడుగులలో నీరు పడినదో అడిగి తెలిసికొనును. చేనికి తగిన బుద్ధి బిడ్డకు తగదా?

భాగవతము పేరు వినని పల్లె రాయలసీమలో లేదు. అందలి పంచమస్కంధమున జడభరతుడు లోకము మెచ్చు తీరున మెలగకుండుటచేత సోదరులు ఆయనను మందబుద్ధియని యెంచి పొలము పనికి పంపిరి; సింధుసౌవీరాధిపతియైన రహూగణుని భటులు పట్టి పల్లకి మోయించిరి; నడక సరిగా లేదని రాజు ఎత్తిపొడిచెను; ఆ మూర్తిలో నేమున్నదో తెలిసిన పిమ్మట అదే రాజు పల్లకి దిగి పాదములకు మ్రొక్కెను. జడభరతునికి ఆటిజము కలదని నేననను. అట్లనుట కథకును శాస్త్రమునకును ద్రోహము. పైచూపును బట్టి మనుష్యుని విలువ కట్టరాదని చెప్పు పురాణమును చేతులు జోడించి వినిన జనులే ఇంటికి పోవు దారిలో పొరుగింటి బిడ్డను మూగోడనియు పిచ్చోడనియు పిలుచుట న్యాయము కాదని మాత్రమే నా మాట. ఇట్లే, ఈ బిడ్డలు దైవాంశసంభూతులని పొగడుటయు ఉపకారము కాదు. దేవునికి బడి యక్కఱలేదు. ఈ బిడ్డకు కావలెను.

రెండవ వాదము తల్లిపై నింద. ఈ నిందను మన పల్లెలు మాత్రమే వేయలేదు. మహావిద్వాంసుల లోకమును వేసినది. అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు 1943లో 11 మంది పిల్లలను వర్ణించి ఈ స్థితికి వైద్యశాస్త్రమున స్థానము కల్పించెను. తరువాతి యేండ్లలో ఆ పిల్లల తలిదండ్రులలో ఆర్ద్రత చాలలేదని ఆయనయే వ్రాసెను. చికాగోలోని బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ప్రకటించిన గ్రంథమున ఈ యభియోగమును సిద్ధాంతముగా పెంచెను. ఆ మాట నమ్మి, కన్నబిడ్డకు తామే శత్రువులమైతిమని కుమిలిన తల్లుల దుఃఖమునకు మేర యున్నదా? 1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ అను పరిశోధకులు బ్రిటనులో కనీసమొకరికి ఆటిజముగల 21 కవల జంటలను పరిశీలించిరి: ఒకే పోలికగల 11 జంటలలో నాలుగింట ఇద్దఱికిని ఆటిజము కానవచ్చెను; వేఱు పోలికలుగల 10 జంటలలో ఒక్కదానియందును ఇద్దఱికి కానరాలేదు. తల్లి యొకతె, ఇల్లొకటి, పెంపక మొకటి. అయినను ఫలము వేఱగుటకు కారణము పుట్టుకలోనే యున్నదని దానివలన తేలినది. కానర్ సైతము 1969లో తలిదండ్రుల సభలో నిలిచి, వారు నిర్దోషులని బహిరంగముగా ప్రకటించెను. వైద్యలోకము వెనుకకు తీసికొన్న నిందను నేటికిని మన అత్తవారిండ్లలో కోడండ్రు మోయుచున్నారు. "సెల్‌ఫోను ఇచ్చి చెడగొట్టింది" అనునది దాని నేటి రూపము. బిడ్డకు ఫోను తగ్గించి మాటలు పెంచుట మంచిదే. కాని 1943లో ఆ 11 మంది చేతికి ఫోనెవరిచ్చిరి? టీకాలవలన వచ్చినదను వదంతియు నిట్టిదే: దానికి మూలమైన 1998 నాటి వ్యాసమును ప్రకటించిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది.

మూడవది ఓపిక వాదము. ఇది ప్రేమతో చెప్పబడునది. అందువలననే మిక్కిలి కీడు చేయునది. జేజి మనుమనిపై ప్రేమచేతనే "మగపిల్లోడు, నిదానంగా మాట్లాడతాడులే" అనును. ఆలస్యముగా మాటలాడు పిల్లలుందురు, నిజమే. కాని మాట రాకున్నను ఆ పిల్లలు పేరు పిలిచిన తిరిగి చూతురు, కావలసినదానిని వ్రేలితో చూపుదురు, నవ్వునకు నవ్వుదురు. ఏడాదిన్నర దాటినను ఇవి కానరానిచో వేచియుండుట తగదు. మెదడు మిక్కిలి వేగముగా నేర్చు తొలి యేండ్లలో దొరకిన శిక్షణ తరువాత దొరకినదానికంటె మేలు చేయును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము అంగన్‌వాడీలకును ప్రభుత్వ పాఠశాలలకును వైద్యబృందములను పంపి, పుట్టినది మొదలు 18 ఏండ్ల వఱకు గల పిల్లలను పరీక్షింపవలెననియు, ఎదుగుదలలో లోటు కనబడినవారిని జిల్లా కేంద్రమునకు పంపవలెననియు విధించినది. పరీక్షింపవలసిన వానిలో ఆటిజమును చేరియున్నది. మండలమందలి భవిత కేంద్రములు ప్రత్యేకావసరములు గల పిల్లల కొఱకే యేర్పడినవి. బృందము వచ్చిననాడు బిడ్డను లోపలి గదిలో నుంచినచో ఈ యేర్పాట్లన్నియు ఎవరికొఱకు?

నాలుగవది సంబంధముల భయము. ఈ భయము వట్టిదని నేననను. పెండ్లిచూపులలో ఏయే ప్రశ్నలు పుట్టునో నేనెఱుగుదును. ఆటిజమున వంశానుగతమైన పాలు కలదనుటయు సత్యమే. కాని సత్యమును దాచి కుదిర్చిన సంబంధమున, అది తెలిసిననాడు నిలబడి మాట పడవలసినది ఆ యాడపిల్లయే గదా! చెప్పిన పిదప వెనుదీసినవారు చెప్పకున్నను తరువాత వెనుదీయువారే. దాచుటవలన మఱియొక నష్టము కలదు; దానిని ఎవరును లెక్కకు తీసికొనరు. దాచినవారు మందును దాచి కొందురు. దాచి కొనువానికి వెల చెప్పువాడు లేడు, మోసమును చెప్పువాడు లేడు. వాతలు పెట్టుమనువాని యొద్దకు, నెలలో మాట రప్పింతునని తాయెత్తు కట్టువాని యొద్దకు, పొలమమ్మించి మూలకణములు ఎక్కించువాని యొద్దకు తలిదండ్రులు ఒంటరిగా పోవుదురు. ఆటిజమునకు మూలకణ చికిత్స చేయరాదని జాతీయ వైద్య కమిషన్ సంఘమే 2022లో తేల్చినది. ఆ సంగతి పది కుటుంబములు కలిసి కూర్చున్నచోట ఒకరికి తెలిసినను పదుగురికి తెలియును. ఒంటరివానికి తెలియదు.

ఇంతవఱకు పరపక్షమును త్రోసితిమి. ఇక స్వపక్షమును నిలుపవలెను. ఆటిజమును గూర్చి లోకమునకు నేడు తెలిసినదానిలో ఎక్కువ భాగము, నోరు విప్పిన తలిదండ్రులు ఇచ్చినదే యని నా పక్షము. కానర్ తన వ్యాసమున మొట్టమొదట వర్ణించిన బాలుడు మిసిసిపీ రాష్ట్రమందలి డొనాల్డ్ ట్రిప్లెట్. న్యాయవాదియైన అతని తండ్రి, కొడుకు తీరును లోపము దాచక, ప్రతిభ మఱువక, 33 పుటల లేఖగా వ్రాసి వైద్యునకు పంపెను. ఆ లేఖయే శాస్త్రమునకు తొలి సాక్ష్యమైనది. ఆ బాలుడు పెరిగి బ్యాంకులో పనిచేసి, కారు నడపి, దేశములు తిరిగి, 89 ఏండ్లు జీవించి, 2023లో మరణించెను. తల్లిపై నిందను 1964లోనే గ్రంథముఖమున ఎదిరించిన బెర్నార్డ్ రిమ్‌లాండ్ అట్టి కొడుకునకు తండ్రి. 1962లో ఇంగ్లండున జాతీయ ఆటిజము సంఘమును నెలకొల్పినవారు తలిదండ్రులే. వారిలో నొకతెయైన లోర్నా వింగ్, వైద్యురాలును తల్లియు నగుటచేత, ఆటిజము స్వరూపమునే విస్తృతముగా నిరూపించెను. మన దేశమున 1991లో ఢిల్లీలో యాక్షన్ ఫర్ ఆటిజం సంస్థను స్థాపించిన మెర్రీ బరువాయు అట్టి బిడ్డకు తల్లియే. వీరు "మా యింటి గుట్టు" అని తలుపు మూసికొనియుండినచో నేడు వైద్యునకేమి తెలియును? చట్టమునకేమి తెలియును?

చట్టము మాట వచ్చినది గనుక చెప్పెదను. 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను మాత్రమే పేర్కొన్నది. అందు ఆటిజము లేదు. 1999 నాటి జాతీయ న్యాసము చట్టమున దాని పేరు చేరినది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము చెప్పిన 21 వైకల్యములలో స్థిరపడినది. ఈ కడపటి చట్టము ప్రకారము 6 మొదలు 18 ఏండ్ల వఱకు, చట్టము నిర్ణయించిన మేర వైకల్యముగల బిడ్డకు ఉచిత విద్య హక్కు. పొరుగు బడియో ప్రత్యేక బడియో యెంచుకొనుట వారి యిష్టము. 2011 జనగణన పత్రమున ఆటిజమునకు వేఱు గడియే లేదు. లెక్కకు రానివారికి నిధులు రావు, నిపుణులు రారు. నంద్యాల నుండి కర్నూలునకు 70 కిలోమీటర్లకు పైబడిన దారిలో, మాట నేర్పు నిపుణుని కొఱకు బిడ్డను ఒడిలో పెట్టుకొని, కూలి పోగొట్టుకొని బస్సులో పోవు తల్లి కష్టము ఎక్కడ నమోదగును? ఆమె చెప్పినచోటనే నమోదగును.

వైకల్యమును నిర్ధారించు సదరం సర్టిఫికెట్టు లేనిదే పింఛను రాదు; బిడ్డను చూపనిదే సదరం సర్టిఫికెట్టు రాదు. ఆంధ్రప్రదేశమున 2024 జూలై నుండి దివ్యాంగుల పింఛను నెలకు 6000 రూపాయలు. జాతీయ న్యాసమువారి నిరామయ పథకమున ఏటికి లక్ష రూపాయల వఱకు వైద్యవ్యయము లభించును. ఆటిజమును నిర్ణయించుటకు సికింద్రాబాదు మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ 40 అంశములతో ఒక కొలమానమును రూపొందించినది. ఆ అంశములను నింపుటకు నిపుణుడు బిడ్డను చూచుటయే గాక తలిదండ్రులను అడిగి తెలిసికొనును. అనగా తలిదండ్రుల మాటయే నిర్ణయమునకు ఆధారము. నిపుణులు లేనిచోట ఆ మాటయే చికిత్సకును సాధనమగును: గోవాలోను పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను 65 మంది పిల్లలపై జరిగి 2016లో ప్రకటితమైన పరిశోధనలో, సామాన్యమైన ఆరోగ్య కార్యకర్తలు తలిదండ్రులకు బిడ్డతో మెలగు తీరును నేర్పగా, బిడ్డలు తమంతట తాము తలిదండ్రులను పలుకరించు ప్రయత్నము పెరిగినది. ఇట్టి విద్య ఒక తల్లి నుండి మఱియొక తల్లికి పోవలెనన్నచో వారు ఒకరినొకరు ఎఱిగియుండవలెను గదా!

ఇక అయిదవ వాదము: బిడ్డ మానము. ఇది సత్యమైన మాట. కన్నబిడ్డ కేకలు పెట్టు వేళ చిత్రము తీసి ఊరంతటికి పంపుట, వాని యెదుటనే వాడు లేనట్లు వాని లోపములను ఏకరువు పెట్టుట అధర్మము. మాటలాడని బిడ్డ విననివాడు కాడు. కాని దీనికి ప్రతిక్రియ మౌనము కాదు, మర్యాద. బిడ్డ పెరిగి పెద్దవాడై విన్నను తల వంచుకొననక్కఱలేని విధముగా చెప్పవలెను, అక్కఱగలవారికి చెప్పవలెను, పెరిగి పెద్దవారై మాటతోనో వ్రాతతోనో తమ అనుభవమును చెప్పుకొనగలిగిన ఆటిజముగలవారి మాటను మనకంటె ముందుగా వినవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, కష్టముతోపాటు సంతోషమును చెప్పవలెను. కష్టము మాత్రమే చెప్పుటవలన బిడ్డ భారముగా మాత్రమే లోకమునకు కనబడును.

ఆ సంతోషములు కల్పితములు కావు. తక్కినవారి బిడ్డ ఏడాదికే చేయునట్లు, ఏడేండ్ల కొడుకు ఒకనాడు వ్రేలు చాచి గోపురమును చూపి, తల్లి చూచుచున్నదా యని ఆమె ముఖమువంక తిరిగినపుడు ఆమెకు కలుగు ఆనందము ఇట్టిదని చెప్పుటకు మాటలు చాలవు. బస్సుల నంబర్లన్నియు కంఠస్థముగా చెప్పు బిడ్డ, విన్న పాటను శ్రుతి తప్పక పాడు బిడ్డ, అబద్ధమాడుట యెఱుగని బిడ్డ ఇంటిలోనున్న భాగ్యమును ఆ యింటివారే చెప్పవలెను. నిద్రలేని రాత్రులు, నాలుగు వంటకములు తప్ప ముట్టని భోజనము, చుట్టములు పిలువని శుభకార్యములు కూడ వారే చెప్పవలెను. రెండును కలిసినదే వారి జీవితము. "మా తర్వాత వీడికి దిక్కెవరు?" అను ప్రశ్న వారినందఱిని రాత్రివేళ లేపును. 18 ఏండ్లు నిండినవానికి న్యాయసమ్మతమైన సంరక్షకుని నియమించుటకు కలెక్టరు సభ్యుడుగా గల స్థానిక సంఘమును 1999 చట్టము ఏర్పఱచినది. ఈ సంగతి తెలియక కుమిలినవారు ఎందఱు! చెప్పుకొన్నచో తెలియును.

కావున మహానంది చుట్టుపట్ల నున్న పెద్దలకు నా విన్నపము. ఇట్టి బిడ్డను చూచినపుడు పాపపుణ్యముల లెక్క తీయకుడు. ఆ తల్లిని కూర్చుండబెట్టి, బిడ్డకేమి యిష్టమో అడుగుడు. దేవస్థానమువారు ఈ కుటుంబములను ఇఱుకైన వరుసలలో నిలుపక నేరుగా దర్శనమునకు పంపవలెను. ఉత్సవదినములలో మైకుల మ్రోతకు దూరముగా వీరికొక చోటు చూపవలెను. ఉపాధ్యాయులు బిడ్డను బడికి పిలువవలెను. రానిచో ఇంటికి పోయి అడుగవలెను. తలిదండ్రులారా, మీరు నేరము చేసినవారు కారు. ఎవరికిని సంజాయిషీ చెప్పవలసిన పని లేదు. కాని మీ మండలములోనే మీవంటి యిల్లు మఱియొకటి యుండి, మీరు నిరుడు నేర్చినది తెలియక నేడు దుఃఖించుచుండవచ్చును. ఆ యింటి తలుపు తట్టుడు. మీ బిడ్డను వెంట తీసికొని పొండు.